మైకన్న సభలో మాట్లాడిన రోజు

శాసనసభవారు అచ్చువేసిన సభ్యుల పరిచయ పుస్తకంలో మైకన్న పేజీ చదివితే ఎంతటి రాతిగుండె అయినా కరగాల్సిందే. విద్య అన్న చోట "జీవితమే" అని ఉంటుంది. వృత్తి, ప్రజాసేవ. అభిరుచులు, ప్రజాసేవ. విదేశీ పర్యటనలు, ప్రజాసేవ నిమిత్తం. పక్కనున్న ఫొటోలో ఆయన ఎక్కడో దూరాన ఉన్న భవిష్యత్తులోకి చూస్తున్నట్టుంటాడు. అటు చూడమని చెప్పింది ఫొటోగ్రాఫరు. అటువైపు స్టూడియో వాడి టేబుల్ ఫ్యాను తప్ప మరేం లేదు.

ఆ పేజీలో రాయని సంగతి ఏమిటంటే, రాజకీయాల్లోకి రాకముందు ఆయనకు మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. పెళ్ళయినా, సంతాప సభయినా, కొత్తగా చెప్పుల కొట్టు తెరిచినా ఆయనే వచ్చి స్తంభాలకు బాకాలు కట్టేవాడు. వేదిక ఎక్కి, మైకు మీద వేలితో రెండు తట్లు తట్టి, "హలో, హలో, మైక్ టెస్టింగ్" అనేవాడు. గొంతు కంచు. కొందరు ఆ టెస్టింగు వినడానికే ముందుగా వచ్చి కూర్చునేవారు, ఎందుకంటే ఆ తర్వాత వచ్చే ఉపన్యాసం మీద ఎవరికీ పెద్ద ఆశలు ఉండేవి కావు. ఊరంతా ఆయన్ని మైకన్న అని పిలిచింది. శాసనసభ్యుడయ్యాక కూడా ఆ పేరు వదల్లేదు.

నాయకుడు కావడం కూడా మైకు పుణ్యమే. ఒకసారి ఎన్నికల సభకు పెద్ద నాయకుడొకాయన రావాల్సి ఉంది. జనం వచ్చారు, నెత్తి మీదికి ఎండ వచ్చింది, నాయకుడు రాలేదు. జనం ఒక్కొక్కరే లేచిపోతుంటే నిర్వాహకులు "ఏదో ఒకటి మాట్లాడవయ్యా" అని మైకన్న కాళ్ళావేళ్ళా పడ్డారు. ఆయన అందుకున్నాడు. "మరికాసేపట్లో మన ప్రియతమ నాయకుడు" అని మొదలెట్టి, ఆ రాని మనిషి దయనీ, ధైర్యాన్నీ, నడకనీ, నవ్వునీ పొద్దు వాలేదాకా వర్ణించాడు. చివరికి నాయకుడు రావడం లేదని కబురొచ్చింది. జనానికి ఏ లోటూ అనిపించలేదు. రాని మనిషి గురించే ఇంత చెప్పినవాడు చెయ్యని పనుల గురించి ఎంత చెప్పగలడో పార్టీ పెద్దలకు తట్టింది. మరుసటి ఎన్నికల్లో టికెట్టు తెచ్చి చేతిలో పెట్టారు.

ఇక ఆయన విధానాల సంగతి. రోడ్లన్నీ వెడల్పు కావాలి, కానీ ఎవరి అరుగూ కదలకూడదు. పన్నులు పోవాలి, పథకాలు పెరగాలి. మద్యం గురించి తాగేవాళ్ళ సభలో ఒకలాగా, వాళ్ళ భార్యల సభలో ఇంకోలాగా మాట్లాడేవాడు. రెండు చోట్లా మైకు సెట్టు ఆయనదే కాబట్టి ఒక సభ మాట ఇంకో సభకు వినిపించేది కాదు. పార్టీలు మారడంలో మాత్రం ఆయనకు గట్టి నియమం ఉంది, నియోజకవర్గ అభివృద్ధి కోసం తప్ప మారడు. ఆ అభివృద్ధి ఎప్పుడు చూసినా అధికారంలో ఉన్నవాళ్ళ వైపే తిష్ఠ వేసుకుని కూర్చుంటే అది ఆయన తప్పా?

ఇంత వాగ్ధాటి ఉన్న మనిషి శాసనసభలో మాత్రం ఒక్కసారీ నోరు విప్పలేదు. అక్కడ మైకు తన చేతిలో ఉండదు. ఎక్కడో పైన అద్దాల గదిలో కూర్చున్న ఆపరేటరు మీట ఎత్తితేనే మోగుతుంది. మైకు మీద పెత్తనం లేని చోట మాట్లాడటం ఆయనకు నామోషీగా ఉండేది.

ఈ లోకంలో మైకన్నకు భయమంటూ ఉంటే అది ఒక్క అక్కంటేనే. అక్క ఊళ్ళో ఉన్న పురుళ్ళ ఆసుపత్రిలో నర్సు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. డ్యూటీకి వెళ్తూ వెంట తీసుకెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టేది. పురుటిగదికి పెద్ద అద్దం తలుపు ఉండేది. లోపలి నుంచి అక్క మాట వినపడదు, పెదవులు కనపడతాయంతే. "ఆకలేస్తోందా?" అని పెదవులతోనే అడిగేది. వాడు తల ఊపేవాడు. "ఆడపిల్ల" అనో "మగపిల్లాడు" అనో పెదవులు కదిపితే, వాడు పరుగెత్తుకెళ్ళి బయట కాచుకున్న వాళ్ళకు కేకేసి చెప్పేవాడు. ఊళ్ళో ఎంతోమంది తండ్రులు తాము తండ్రులయ్యామన్న మాట మొదట ఆ గొంతులోనే విన్నారు. కంచు గొంతుకు సాధన అక్కడే జరిగింది. పెదవులు చూసి మాట పట్టే విద్యా అక్కడ అబ్బిందే. తర్వాత మైకుల వ్యాపారంలో అది బాగా అక్కరకొచ్చింది. వేదిక మీద పెద్దమనిషి పెదవులు ఆడుతుండగా బాకా మూగబోతే, ఆయన ఏమన్నాడో చెప్పగలిగింది మైకన్న ఒక్కడే.

ఇప్పుడు ఆ ఆసుపత్రిని మూసేస్తామని ప్రభుత్వం అంది. మూసేస్తామని అనలేదు లెండి, ప్రభుత్వాలు అంత మోటుగా మాట్లాడవు. జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో "విలీనం" చేస్తామంది. ఇలాంటి చిన్న ఆసుపత్రులన్నిటినీ కలిపి ఒక బిల్లు తెచ్చింది. ఈ విషయంలో మైకన్న విధానం కాలంతోపాటు ఎదుగుతూ వచ్చింది. మొదటి ఎన్నికల్లో ఆసుపత్రి మీద మేడ కట్టిస్తానన్నాడు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఒక్క ఇటుక కదిపినా ప్రాణాలు అడ్డేస్తానన్నాడు. ఈమధ్యే అభివృద్ధి కోసం అధికార పక్షంలోకి దూకాక, విలీనమంటే ఆసుపత్రి పోవడం కాదు, పెరగడం అన్నాడు.

ఆ మాట పేపర్లో వచ్చిన ఉదయమే అక్క డ్యూటీ బట్టల్లో ఆయన ఇంటికి వచ్చింది. హాలు నిండా పనుల మీద వచ్చిన జనం. ఆమె ఎవరినీ అడక్కుండా లోపలికి నడిచి, గడ్డం గీసుకుంటున్న తమ్ముడి వెనక నిలబడింది.

"పెరుగుతుందన్నావంట. ఏం పెరుగుతుందిరా, దూరమా?"

మైకన్న అద్దంలోంచే నవ్వబోయాడు. నురగ అడ్డొచ్చింది.

"అది కాదక్కా. పాలసీ అన్నాక..."

"నాకు పాలసీలు చెప్పకు. నా ఉద్యోగానికేం ఢోకా లేదు, ఎక్కడో ఒకచోట పడేస్తారు. నొప్పులొచ్చిన పిల్ల అంత దూరం ఎలా పోతుందిరా? డాక్టరమ్మని అప్పుడే బదిలీ చేసేశారు. మొన్న ఒకమ్మాయికి కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే అటు పంపాల్సొచ్చింది. వంతెన దాటకుండానే బస్సులో కాన్పయింది. బిడ్డ దక్కింది. తల్లి దక్కలేదు."

మైకన్న చేతిలో రేజరు ఆగిపోయింది. నల్లా నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. అక్కే చెయ్యి చాచి కట్టేసింది.

"నువ్వు యుద్ధాలేం చెయ్యక్కర్లేదు. సభలో లేచి ఒక్క మాట అడుగు. బస్సులో పుట్టిన బిడ్డకి పుట్టిన ఊరు ఏదని రాస్తారో చెప్పమను. అంతే."

"అడుగుతానక్కా."

"నామీద ఒట్టు?"

"నీమీద ఒట్టు."

అక్క ఆయన చెవి దగ్గర మిగిలిన నురగని బొటనవేలితో తుడిచింది. పోతూ పోతూ హాల్లో ఉన్న జనంతో, "మావాడు సభలో ఆసుపత్రి గురించి మాట్లాడతాడు, టీవీ పెట్టుకోండి" అని చెప్పి మరీ వెళ్ళింది.

ఆయన మీద ఎంత వెటకారం చేసినా ఈ ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆయనకు అడగాలనే ఉంది. బస్సులో పోయిన ఆ తల్లి ఆ పూటంతా మనసులోంచి పోలేదు. సాయంత్రం విప్ గారు ఫోన్ చేసేదాకా ఆయన మంచి మనిషిగానే ఉన్నాడు. విప్ అంటే, పార్టీ సభ్యులు సభలో ఎప్పుడు చెయ్యెత్తాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో చెప్పే పెద్దమనిషి.

"రేపు బిల్లు మీద మనవాళ్ళెవరూ కిక్కురుమనకూడదు. ఎవరైనా అడ్డంగా మాట్లాడితే మళ్ళీ టికెట్టు మాట మర్చిపోవడమే. మీకూ చెబుతున్నా."

"అయ్యో, ఎంత మాట! నా సంగతి మీకు తెలీదా?" అన్నాడు మైకన్న.

"తెలుసు కాబట్టే ఫోన్ చేశా" అని విప్ పెట్టేశాడు.

ఇటు అక్క మీద ఒట్టు, అటు టికెట్టు. ఇంకొకడైతే జుట్టు పీక్కునేవాడు. మైకన్న మాత్రం కాసేపు పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకుని, లేచి చొక్కా తొడుక్కుని రాజధానిలో ఉండే తోడల్లుడి ఇంటికి కారులో బయల్దేరాడు. సభలో అద్దాల గదిలో మీటల ముందు కూర్చునే ఆపరేటరు ఆ తోడల్లుడే. ఒకప్పుడు మైకన్న దుకాణంలోనే పని నేర్చుకున్నాడు. ఉద్యోగం వేయించిందీ మైకన్నే.

"తమ్ముడూ, రేపు నేను లేచి 'అధ్యక్షా, మా ఊరి పురుళ్ళ ఆసుపత్రి' అంటాను. అని కళ్ళజోడు తీస్తాను. తియ్యగానే నా మైకు కట్ చేసెయ్యి."

తోడల్లుడు తెల్లబోయాడు. "కట్ చెయ్యొద్దని బతిమాలేవాళ్ళని రోజూ చూస్తాను అన్నయ్యా. చెయ్యమనే మనిషిని నిన్నే చూస్తున్నా."

"అందులోనే ఉంది కిటుకు. టీవీలో నేను ఊగిపోతూ కనపడతాను. మాట వినపడదు. అక్కకీ, ఊరికీ 'నా గొంతు నొక్కేశారు' అంటాను. పార్టీకి 'నేనేమీ అనలేదు, రికార్డు చూసుకోండి' అంటాను. ఎవరికీ నష్టం లేదు."

"ఆసుపత్రికి తప్ప" అన్నాడు తోడల్లుడు మెల్లగా.

"నువ్వు మీట సంగతి చూడు."

ఇక ఒక్క చిక్కు మిగిలింది. మైకు ఆగాక నోటితో ఏమనాలి? ఆసుపత్రి గురించే అంటే, ముందు వరసలో కూర్చుని సభ్యుల మాటలు రాసుకునే ఉద్యోగుల చెవిన పడుతుంది. ఊరికే పెదవులు కదిపితే మొహంలో ఆవేశం రావడం లేదు. రాత్రి బసకెళ్ళి అద్దం ముందు చేసి చూసుకుంటే ఆవులిస్తున్నట్టుంది. ఆలోచన అక్కర్లేకుండా నోటికి వచ్చేదీ, ఎంత గొంతు చించుకునైనా అనగలిగేదీ, ఎవరు విన్నా రాసుకోవడానికేమీ లేనిదీ ఆయన దగ్గర ఒక్కటే ఉంది. దాన్నే ఖాయం చేసుకుని హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు సభకు వెళ్తుంటే అక్క ఫోన్ చేసింది. "వార్డులో టీవీ పెట్టించానురా. బాలింతలందరూ దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని కూర్చున్నారు. మాట మింగకుండా చెప్పు" అంది. ఆ గొంతులో ఉన్న గర్వం విని మైకన్న కారు వెనక్కి తిప్పమనబోయాడు. అప్పటికే కారు సభ గేటు దాటింది.

సభ హోరెత్తిపోతోంది. ప్రతిపక్షంవాళ్ళు బల్లలు చరుస్తున్నారు. మైకన్న లేచి నిలబడ్డాడు. ఆయన లేవడం ఇంటికెళ్ళేటప్పుడే చూసిన సభాపతి ఆశ్చర్యపోయి, వెంటనే మాట్లాడమన్నారు. వెనక వరసలో విప్ మెడ సాచి చూశాడు.

"అధ్యక్షా! మా ఊరి పురుళ్ళ ఆసుపత్రి..."

కళ్ళజోడు తీశాడు. మైకు వంక చూశాడు. దాని మెడ దగ్గర ఎర్రదీపం వెలుగుతోంది. బల్లకు బిగించిన బుల్లి బాకాలోంచి చప్పుడు లేదు. మైకన్న తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఇక్కడే కొంప మునిగింది. ఆయన దుకాణంలో పచ్చదీపం అంటే మోగుతున్నట్టు, ఎర్రదీపం అంటే ఆగినట్టు. సభలో దీనికి తలకిందులు. ఎర్రదీపం వెలిగిందంటే సభ్యుడు మాట్లాడుతున్నాడని అర్థం. బాకా మోత మళ్ళీ మైకులోకి దూరి కూత పెట్టకుండా ఉండటానికి, మాట్లాడే సభ్యుడి బల్ల మీది బాకా మటుకు దానంతటదే ఆగిపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి మాట్లాడి ఉన్నా ఆయనకీ సంగతి తెలిసేది. తోడల్లుడు మాట తప్పాడా అంటే అదీ లేదు. కళ్ళజోడు కదలగానే మైకన్న కుర్చీ మీట ఠక్కున దించేశాడు. కాకపోతే అది మైకన్న ప్రతిపక్షంలో ఇన్నాళ్ళూ కూర్చున్న పాత కుర్చీ మీట. ఎత్తేటప్పుడు అంకె చూసి కొత్త కుర్చీ మీటే ఎత్తాడు గానీ, దించేటప్పుడు చూపంతా కళ్ళజోడు మీదే పెట్టి వేళ్ళను నమ్ముకున్నాడు. అభివృద్ధి కోసం కుర్చీ మారిన సంగతి తోడల్లుడి వేళ్ళకు ఇంకా అలవాటు కాలేదు.

మైకన్న పిడికిలి బిగించి పైకెత్తాడు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళు నిప్పులు చెరిగాయి.

"హలో! హలో! మైక్ టెస్టింగ్! ఒకటి! రెండు! మూడు! ఆడవాళ్ళ వైపు వినపడుతోందా? వెనక ఉన్నవాళ్ళకి వినపడుతోందా? హలో!"

బల్లలు చరిచే చేతులు గాల్లోనే ఆగిపోయాయి. సభ మొత్తం నిశ్శబ్దమైంది. తన నటన అంత బాగా పండిందనుకుని మైకన్న ఇంకాస్త ఊగాడు. "హలో!" అని బల్ల గుద్దాడు. అప్పుడు వినిపించింది ఆయనకు, సభ నాలుగు గోడల నుంచీ తిరిగి వస్తున్న తన సొంత కంచు గొంతు.

అలాగే కుర్చీలో కూలబడ్డాడు. ప్రతిపక్షం కడుపు పట్టుకుని నవ్వుతుండగానే బిల్లు మీద చేతులెత్తమన్నారు. అలవాటు కొద్దీ మైకన్న చెయ్యి కూడా లేచింది. బిల్లు నెగ్గింది.

తన బతుకు బస్టాండయిందని, ఇక ఊళ్ళో తలెత్తుకోలేనని అనుకుంటూ బయటికొచ్చాడు. మెట్ల మీద విలేఖరులు చుట్టుముట్టారు. అందులో ఒకతను అడిగాడు, "ఇదేమన్నా కొత్త రకం నిరసనా సార్?"

మునిగిపోయే మైకన్నకు అది చాలు.

"మరేమనుకున్నారు?" అన్నాడు గొంతు సవరించుకుని. "సామాన్యుడి గొంతు ఈ సభకి వినపడుతోందా లేదా అని పరీక్షించాను. వినపడుతోంది. మన ప్రజాస్వామ్యం పదిలంగా ఉంది."

మర్నాడు పేపర్లన్నీ "వినపడుతోందా?" అని పతాక శీర్షిక పెట్టాయి. కుర్రకారు ఆ మాట చొక్కాల మీద అచ్చేయించుకుంది. మేధావులు అందులో లోతు వెతికారు, దొరికింది కూడా. విప్ ఫోన్ చేసి, "ఏమన్నారో నాకు అర్థం కాలేదు గానీ బిల్లుకి వ్యతిరేకంగా ఏమీ అనలేదు. పైగా పేరొచ్చింది. శభాష్" అన్నాడు. మైకన్న చరిత్రలో ఇంత మంచి రోజు ఎప్పుడూ లేదు. అక్క ఒక్కతే ఫోన్ ఎత్తడం లేదు. డ్యూటీలో ఉందేమో అనుకున్నాడు. నిద్రపోతోందేమో అనుకున్నాడు. ఇంటికి వెళ్ళి అడగొచ్చని తెలిసినా ఆ వీధి వైపు కారు తిప్పనివ్వలేదు.

కొద్ది రోజులకే ఆసుపత్రి మంచాలు లారీ ఎక్కాయి. అక్కని పెద్దాసుపత్రికి వేశారు. ఖాళీ భవనం పాడుబడకూడదని ప్రభుత్వం పెద్ద మనసు చేసుకుని దాన్ని శాసనసభ్యుడి కార్యాలయానికి ఇచ్చింది. పురుటిగది మైకన్న సొంత గది అయింది. తెరిచే రోజున అక్కడే ఆయనకు సన్మానం కూడా పెట్టారు. వరండానే వేదిక, ఆవరణ నిండా కుర్చీలు, ముందు వరసలో విప్ గారు. మైకు సెట్టు మాత్రం మైకన్న ఎవరికీ వదల్లేదు. తనే వైర్లు కలిపి, తనే పచ్చదీపం వెలిగించి చూసుకున్నాడు.

"ఇప్పుడు మన నాయకుణ్ణి పెంచి పెద్ద చేసిన అక్కగారు రెండు మాటలు మాట్లాడతారు" అని ప్రకటించారు. ఆమె వస్తుందని మైకన్న అనుకోలేదు. వచ్చింది. ఆ డ్యూటీ బట్టలతోనే మెట్లెక్కి, మైకు ముందు నిలబడింది. జనం చప్పట్లు కొట్టి, ఊరుకున్నారు.

అక్క పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

మైకన్న ఒక్క ఉదుటున లేచాడు. వైరు చూశాడు, బాగానే ఉంది. మీట చూశాడు, ఎత్తే ఉంది. పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతోంది. "సౌండ్! సౌండ్!" అని జనం అరుస్తున్నారు. అక్క పెదవులు మళ్ళీ కదిలాయి. ఆమె జనం వైపు చూడటం లేదు. తమ్ముడి వైపే చూస్తోంది. ఆమె వెనకే ఆ పాత అద్దం తలుపు ఉంది.

అప్పుడు మైకన్న చూపు మైకు మీంచి ఆ పెదవుల మీదికి వెళ్ళింది. చిన్నప్పటి విద్య ఎక్కడికీ పోలేదు. మాట ఒక్కొక్కటీ స్పష్టంగా తెలిసింది.

"బస్సులో పుట్టిన బిడ్డకి పుట్టిన ఊరు ఏదని రాస్తారురా?"

మైకన్నకు ఏడుపొచ్చింది. నిజమైన ఏడుపే. అక్క ఇంకొక్కసారి అదే మాట కదిపి, మైకు ముందు నుంచి తప్పుకుని మెట్లు దిగింది.

"అక్క ఏమంది? ఏమందన్నా?" అని జనం అడుగుతున్నారు. ఆ పెదవుల మీది మాటని ఈ వరండాలో నిలబడి జనానికి కేకేసి చెప్పే పని చిన్నప్పటి నుంచీ ఆయనదే. మైకు ఎదురుగా ఉంది. అది మోగుతోంది. కట్ చేసేవాళ్ళెవరూ లేరు. మాట నాలుక చివరే ఉంది. మైకన్న తలెత్తి ముందు వరస వైపు చూశాడు. విప్ కాలు మీద కాలేసుకుని ఆయన్నే చూస్తున్నాడు.

మైకన్న వేలితో మైకు మీద రెండు తట్లు తట్టాడు.

"హలో," అన్నాడు గద్గదంగా. "హలో. మైక్ టెస్టింగ్."

ఆవరణ దద్దరిల్లింది. జనం లేచి నిలబడి "వినపడుతోంది! వినపడుతోంది!" అని అరుస్తూ చప్పట్లు కొట్టారు. అక్క వెనక్కి తిరగకుండా గేటు దాటి, పెద్దాసుపత్రికి వెళ్ళే బస్సు కోసం స్టాపు వైపు నడిచింది.